అమ్మవారిని షెల్టరు ఎక్కించిన దరువు

రెండు జిల్లాల్లో ఏ మూల హేతువాద సభ పెట్టినా నన్ను పిలిచేవారు. చేతబడి బూటకమని చెప్పాలన్నా, గ్రహణం పట్టిన వేళ జనాన్ని వీధిలో కూర్చోబెట్టి ఉప్మా తినిపించాలన్నా నేనే వెళ్ళేవాణ్ణి. విజయనగరంలో ఒకసారి ఒక స్వామివారి శిష్యులతో వాదం ముదిరి, చివరికి వాళ్ళు నా చేతిలో మైకు లాగేసుకున్నారు. మైకు లాక్కున్నవాడు ఓడిపోయినట్టే అని మా సంఘంలో ఒక లెక్క. ఆ లెక్కన నేను చాలా చోట్ల గెలిచాను.

మా మేనత్త దగ్గర మాత్రం ఎప్పుడూ గెలవలేదు. ఆవిడ దగ్గర మైకు కూడా లేదు.

అత్తది శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు ఊరు. ఊరికీ నీళ్ళకీ మధ్య ఒక సరుగుడు తోట, కొంచెం ఇసక, అంతే. ఊరి అమ్మవారి ఘటం ఆవిడ అత్తవారింట్లో ఉంటుంది. జాతర నాడు ఆ ఇంటి ఆడమనిషే దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరగాలి. కాపురానికి వచ్చిన ఏడాదే ఘటం అత్త నెత్తికెక్కింది. మామయ్య పోయాక, భర్త లేని మనిషి మోయొచ్చునా అని ఊళ్ళో ఒకరిద్దరు గొణిగారు. అత్త వాళ్ళ గుమ్మం దగ్గరికే వెళ్ళి, "అమ్మోరికి మొగుడున్నాడేటి?" అని అడిగి వచ్చేసింది. మేము సంస్కరణ సభల్లో పొద్దుగూకేదాకా చెప్పే విషయం అది. ఆవిడకి ఒక్క ప్రశ్న పట్టింది.

ఘటానికి రెండు కట్టుబాట్లు ఉన్నాయి. డప్పు మోగకుండా అది గడప దాటకూడదు. దాన్ని ఒంటరిగా వదిలి, దీపం పెట్టే మనిషి రాత్రి బయట ఉండకూడదు. డప్పు కొట్టేవాళ్ళు పక్క ఊరినుంచి వస్తారు. వాళ్ళని అరుగు ఎక్కనివ్వరు గానీ, వాళ్ళు కొట్టకపోతే అమ్మవారు గడప దిగదు. ఈ తమాషా నేను ఎన్నో సభల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ రెండు కట్టుబాట్లూ కలిసి మా అత్త మెడకి ఉచ్చులా పడతాయని మాత్రం తుపానులు వచ్చేదాకా నాకు తట్టలేదు.

తుపాను హెచ్చరిక వస్తుంది. ఊరి వెనక మిట్ట మీద రెండంతస్తుల షెల్టరు ఉంది, అందరూ అక్కడికి పోతారు. అత్త పోదు. ఆ గాలివానలో డప్పువాళ్ళు రారు, డప్పు లేకపోతే ఘటం కదలదు, ఘటం కదలకపోతే ఆవిడ కదలదు. తిత్లీ తుపాను వచ్చినప్పుడు కూడా అలాగే కూర్చుంది. మర్నాడు నేను పడిపోయిన చెట్ల మీంచి ఎక్కి దిగి ఊరు చేరేసరికి, అరుగు మీద చింతపండులో పిక్కలు తీస్తోంది. పెరట్లో కొబ్బరిచెట్టు అడ్డంగా పడి ఉంది.

"సూసినావా? అమ్మోరుంది గాబట్టే సెట్టు ఇంటి మీద పడనేదు" అంది.

"మరుగుదొడ్డి మీద పడింది గదత్తా."

"అది పంచాయితీవోళ్ళు కట్టినారు. అమ్మోరి పూచీ కాదు."

ఆ రోజు నుంచి నాకు ఒకటే బెంగ పట్టుకుంది. తుపానంటే రెండు మూడు రోజుల ముందు చెబుతారు. బతిమాలడానికి, కోప్పడడానికి, కాళ్ళు పట్టుకోడానికి వ్యవధి ఉంటుంది. సునామీ అలా కాదు. అండమాన్ వైపో సుమత్రా వైపో సముద్రం అడుగు కదిలితే మన ఒడ్డుకి రావడానికి రెండు మూడు గంటలు. ఆ కాస్త సేపట్లో మా అత్తని వాదించి గెలవడం నావల్ల కాదు. ముందే గెలిచి ఉంచుకోవాలి.

అందుకని ఒక ఆదివారం ఆవిడ పెరట్లో సునామీ తయారు చేశాను.

రాగి గంగాళం నిండా నీళ్ళు పోశాను. ఒక అంచుకి పాత పెంకు ఏటవాలుగా ఆనించాను, అది తీరం. దాని మీద చింతపిక్కలు పేర్చాను, అవి ఇళ్ళు. గంగాళం అడుగున పెద్ద స్టీలు కంచం పెట్టాను, అది భూమి పైపొర. అత్త పీట వేసుకుని కూర్చుంది. పక్కన చాప మీద గుమ్మడి వడియాలు ఎండుతున్నాయి.

"భూమి పైపొర ఒక్క ముక్క కాదత్తా. పెద్ద పెద్ద పలకలు. సుమత్రా పక్కన సముద్రం కింద ఒక పలక ఇంకో దాని కిందకి దూరుతూ ఉంటుంది. మన గోరు పెరిగినంత మెల్లగా."

"అంత మెల్లగా దూరితే మనకేటి?"

"మధ్యలో ఎక్కడో ఇరుక్కుపోతుంది. పై పలక అంచు వంగి వంగి, ఇక వంగలేక ఒక్కసారి విదిలించుకుంటుంది. దాని మీదున్న నీళ్ళు మొత్తం పైకి లేస్తాయి. నడిసముద్రంలో పడవవాడికి తెలియను కూడా తెలియదు. విమానమంత జోరుగా వస్తుంది గానీ ఎత్తు ఉండదు. ఒడ్డు దగ్గర లోతు తగ్గేసరికి అల కాళ్ళకి నేల తగిలి నెమ్మదిస్తుంది. జాతరలో ముందువాళ్ళు ఆగితే వెనకవాళ్ళు తోసుకొచ్చి మీదెక్కినట్టు, వెనక నీళ్ళు వచ్చి ఎక్కుతాయి. అప్పుడు లేస్తుంది ఎత్తు."

"గాలి నేకుండానా?"

"గాలితో పనే లేదు. గాలి తోస్తే వచ్చేది ఉప్పెన, అది తుపానుతో వస్తుంది. ఇది ఎండ కాస్తూ ఉండగా వస్తుంది. ఒక్కోసారి నీళ్ళ కింద కొండచరియ జారినా, అగ్నిపర్వతం పేలినా వస్తుంది. చూడు."

కంచం రెండు చేతులా పట్టుకుని ఒక్క కుదుపు కుదిపాను. నీళ్ళు లేచి పెంకు మీదికి ఎగబాకి, చింతపిక్కల్ని ఊడ్చుకుపోయి, అంచు దాటి చాప మీద పడ్డాయి. వడియాలు సగం తడిసిపోయాయి. ప్రయోగం ఇంత బాగా వస్తుందని నేనూ అనుకోలేదు.

అత్త వడియాల వంక చూడలేదు. గంగాళం వంక చూస్తూ, "ఎత్తింది ఎవుడ్రా?" అంది.

"ఏది?"

"కంచం."

"నేనే."

"సముద్రం కింద పలకనీ?"

"ఎవరూ ఎత్తరత్తా. దానంతట అదే లేస్తుంది."

"నువ్వెత్తకపోతే ఈ కంచం లేసునేటి?"

"ఇది నమూనా."

"నమూనాలో ఎత్తినోడున్నాడు, అసల్లో నేడంతావు. నీ అసలు కన్నా నీ నమూనాయే నమ్మకంగున్నాదిరా. లే, వడియాలు మేడ మీద పరిచీ."

సృష్టికర్త ఉన్నాడా లేడా అన్న వాదంలో నేను పండితులతో తలపడ్డవాణ్ణి. వాళ్ళ పక్షాన నేనే గంగాళం నింపి, కంచం పెట్టి, ఎత్తి చూపించడం అదే మొదటిసారి.

అయినా వదల్లేదు. వడియాలు పరుస్తూనే, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోతే ఏం చేస్తారు మీ ఊళ్ళో అని అడిగాను. గంగమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తుకున్నాదంటారని, అందరూ దిగి గవ్వలూ చిక్కుకున్న చేపలూ ఏరుకుంటారని చెప్పింది. అలా సముద్రం లాక్కుపోవడం సునామీ ముందు గుర్తు కావచ్చని, ఎప్పుడూ అలాగే జరగాలనేం లేదు గానీ జరిగితే హెచ్చరిక కోసం కూడా చూడకుండా పరుగెత్తాలని, భూమి గట్టిగా, ఎక్కువసేపు ఊగినా అంతేనని చెప్పాను. ఆవిడ తడిసిన వడియం ఒకటి తిరగేసి, "ఆడది కుచ్చిళ్ళు ఎత్తిందంటే పరిగెట్టడానికే గదరా. ఇన్నాళ్ళూ మాకెవులికీ తట్టనేదు సూడు" అంది.

సగం గెలిచాననుకున్నాను. "అయితే అలాంటి రోజు షెల్టరుకి వస్తావా?"

"డప్పుంటే వస్తాను."

*

ఆ రోజు రానే వచ్చింది. ఎండాకాలం. ముందురోజు సాయంత్రం శ్రీకాకుళంలో మా సంఘంవాళ్ళు నాకు సన్మానం చేసి పొందూరు కండువా కప్పారు. ఇలాంటివాటి మీద మోజు లేదని వేదిక మీద చెప్పి, మర్నాడు ఆ కండువా భుజాన వేసుకుని అత్తకి చూపించడానికి వెళ్ళాను. ఆవిడ అంచు వేళ్ళతో నలిపి చూసి, "పొందూరుదే. మెత్తగున్నాది" అంది. ఎందుకిచ్చారని అడగలేదు.

చేపల పులుసుతో భోంచేసి మంచం మీద ఒరిగాను. కళ్ళు మూతపడుతుండగా మంచం ఊగింది. అత్త లేపుతోందనుకున్నాను. వంటింట్లో అటక మీద గిన్నెలు గలగలమన్నాయి. ఆవిడ గుమ్మంలో నిలబడి, "కంచం ఎత్తినాడ్రా" అంది నెమ్మదిగా.

కాసేపటికి ఫోన్లు మోగడం మొదలైంది. సుమత్రా వైపు సముద్రంలో భూకంపం, తూర్పుతీరానికి సునామీ హెచ్చరిక. ఇంకాసేపటికి మైకు కట్టిన ఆటో వచ్చింది. తీరప్రాంత ప్రజలందరూ తక్షణమే సురక్షిత ప్రాంతాలకు తరలివెళ్ళవలసిందిగా విజ్ఞప్తి అంటోంది. పెళ్ళిపత్రిక చదివినట్టు ఉంది ఆ గొంతు.

ఊరు కదిలింది. ఎటు కదిలిందనుకున్నారు? సముద్రం వైపు. సునామీ చూడ్డానికి.

మగవాళ్ళంతా లుంగీలు ఎగ్గట్టి సరుగుడు తోట దాటిపోతున్నారు. లోపలి ఊళ్ళనుంచి మోటారు సైకిళ్ళ మీద ముగ్గురేసి వస్తున్నారు. మరమరాల మిక్చరు బండివాడు అప్పటికే ఇసకలో చక్రాలు దింపుకుని ఉల్లిపాయలు తరుగుతున్నాడు. మన జనానికి సునామీ అంటే భయం లేక కాదు. సినిమా మొదటి ఆటకి వెళ్ళినట్టు, భయాన్ని కూడా ముందు వరసలో నిలబడి చూడాలి.

నేను ఊరుకోలేకపోయాను. ఒడ్డున బోర్లించిన పడవ ఎక్కి నిలబడి ఉపన్యాసం అందుకున్నాను. పలకలు, కుదుపు, అల నడక, అన్నీ చెప్పాను. అల ఒక్కటే రాదని, మొదటిదాని కన్నా తర్వాతివి పెద్దవి కావచ్చని, గంటల తరబడి వస్తాయని చెప్పాను. లోపలికి వేటకి వెళ్ళినవాళ్ళకి ఫోను కలిస్తే ఒడ్డుకి రావద్దని, లోతు నీళ్ళలోనే ఉండమని చెప్పండి అన్నాను. ఈ ఒక్క మాట ఇద్దరు ముగ్గురు చెవిన పెట్టి ఫోన్లు తీశారు. మిగతావాళ్ళు శ్రద్ధగా వింటున్నారు. జనం పెరుగుతున్నారు. దూరంగా నీళ్ళలో కాళ్ళు తడుపుకుంటున్నవాళ్ళు కూడా దగ్గరికొచ్చారు. నా జీవితంలో అంత మంచి సభ జరగలేదు.

ముందు వరసలో ఒకాయన పక్కవాడితో అంటున్నాడు: "బావా, మాస్టారు బాగా సెప్తన్నారు. ఇలగే సెప్పమను, అలొచ్చేదాకా పొద్దోతాది."

అప్పుడు వెలిగింది నాకు. వీళ్ళని ఒడ్డున నిలబెట్టి ఉంచింది నేనే. పడవ దిగి ఇంటికి పరుగెత్తాను.

అత్త దేవుడి గదిలో ఘటం ముందు కూర్చుని ఉంది.

"అత్తా, లే. బతిమాలడానికి టైము లేదు."

"డప్పువోళ్ళు ఆవదాలవలసలో పెళ్ళికెళ్ళినారు. పొద్దున్నే సెప్పి ఎళ్ళినారు."

"వాళ్ళు లేకపోతే?"

"దీపాలేళకి నాను గడపలో ఉండాల. నానిక్కడే ఉంటాను. నువ్వెళ్ళు. నీకు పెళ్ళాం పిల్లలున్నారు."

ఆవిడ ఆ మాట మామూలుగా అంది. పులుసులో ఉప్పు సరిపోయిందా అన్నంత మామూలుగా. నా దగ్గర ఉన్న వాదాలన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఒక్కటీ పనికొచ్చేది కాదు. ఆవిడ వాదించడం లేదు. తీర్మానం చేసుకుని కూర్చుంది.

వసారాలో మేకుకి, పోయిన జాతరకి డప్పువాళ్ళు వదిలివెళ్ళిన డప్పు ఒకటి వేలాడుతోంది. వేసవి ఎండకి చర్మం బిగిసి ఉంది. వేలితో మీటితే కంచులా పలికింది.

"నేను కొడతాను."

"నీకేటొచ్చు?"

"మా సంఘం కళాజాతలో కొట్టేవాణ్ణి."

అత్త తల తిప్పి చూసింది. "అమ్మోరు నేదు గిమ్మోరు నేదు అని మా ఈదిలో గెంతినారు, ఆ దరువేనా?"

"అదొక్కటే వచ్చు."

ఆవిడ ఘటం వంక చూసింది. ఘటం ఏమీ అనలేదు. నేనైతే అప్పుడు ఏదైనా అంటే బాగుండుననుకున్నాను.

"అమ్మకి దరువు గావాల గానీ పాట అడగదు" అంది చివరికి. "నోరు మూసుకోని కొట్టు."

లేచింది. ఘటం కింద చుట్టకుదురుకి గుడ్డ కోసం అటూ ఇటూ చూసి, నా భుజం మీది కండువా లాగింది.

"అది సన్మానం కండువా అత్తా."

"అమ్మోరి కింద ఉండటం కన్నా సన్మానమేటిరా" అంటూనే చుట్టేసి నెత్తిన పెట్టుకుంది. దాని మీద ఘటం.

గడప దగ్గర నేను దరువు మొదలెట్టాను. చెయ్యి మొరాయించింది. రెండో చుట్టుకి కుదిరింది. దేవుడు లేడని ఊరూరా తిరిగి చెప్పిన దరువు మీద అమ్మవారు గడప దాటింది.

నాలుగిళ్ళు దాటామో లేదో ఇంకో ఇబ్బంది. ఘటం వీధిలోకి వస్తే ప్రతి ఇంటి ఆడమనిషీ పసుపు నీళ్ళ బిందెతో వచ్చి, మోసేవాళ్ళ కాళ్ళ మీద పోసి మొక్కాలి. అందాకా ఘటం ఆగాలి. జాతర నాడు ఈ చివరినుంచి ఆ చివరికి వెళ్ళేసరికి తెల్లారిపోతుంది. మొదటి ఇంటి దగ్గర ఆగింది అత్త. నీళ్ళు పోశారు. రెండో ఇంటి దగ్గర ఆగింది. నీళ్ళలో వేపమండ వెయ్యడం మర్చిపోయామని ఆ ఇంటావిడ వెనక్కి పరుగెత్తింది. ఒక ముసలాయన అరుగు మీంచి, "మీ ఇంటోడు డప్పు కొట్టడమేటమ్మా, అపచారం కాదూ?" అన్నాడు.

"మరి నువ్వు కొడతావేటి, దిగు" అంది అత్త. ఆయన దిగలేదు.

నేను డప్పు ఆపకుండానే ఆవిడ చెవి దగ్గరికి వంగాను. "ఇలా గుమ్మం గుమ్మానికీ ఆగితే అల మనకన్నా ముందు వెళ్ళిపోతుంది."

అత్త ఇంకో నాలుగడుగులు వేసింది. వీధి నడుమ నిలబడి గొంతెత్తింది:

"ఒసే, వినండి. అమ్మ ఈయేళ గుమ్మం దగ్గర ఆగదు. నీళ్ళు పోసీవోళ్ళు మిట్ట మీద షెల్టరు కాడకొచ్చి పొయ్యండి. ముసిలోళ్ళనీ పిల్లల్నీ కూడా తెండి. అమ్మ ఆళ్ళని సూడాలన్నాది."

అమ్మ ఎప్పుడందో నేను అడగలేదు. హేతువాదిగా నేను అడగకుండా వదిలేసిన ప్రశ్న అదొక్కటే.

ఆటో మైకు కదిలించలేని వీధి కదిలింది. ఆడవాళ్ళు బిందెలు చంకనెత్తుకున్నారు. మంచం పట్టిన ఒక తాతని కుర్చీతో సహా మోసుకొచ్చారు. జాతర కాని రోజున ఘటం బయటికి వచ్చిందన్న మాట సరుగుడు తోట దాటి ఒడ్డుకి పోయింది. జాతర కాని రోజున ఘటం రావడమంటే ఆ ఊళ్ళో చిన్న విషయం కాదు. వెనక్కి తిరిగి చూస్తే, నా ఉపన్యాసం విన్న సభ మొత్తం ఇసకలో పరుగెత్తుకొస్తోంది. ఆ వెనక మిక్చరు బండి.

ఆటోలో మైకు పట్టుకున్న కానిస్టేబులు కాసేపు మా వెనక విజ్ఞప్తి చేస్తూ వచ్చి, తర్వాత మైకు కట్టేసి, డప్పుకి అడుగు కలిపాడు.

షెల్టరు మెట్ల మీద ఎవరివో జీడిపిక్కల బస్తాలు అడ్డంగా ఉంటే పక్కకి తోశారు. అత్త పై అంతస్తు వసారాలో, సముద్రం కనిపించే వైపు ఘటం దించింది. వరసగా బిందెలు వచ్చాయి. మెట్లన్నీ పసుపు నీళ్ళు. రెండుసార్లు జారాను. పసుపు అంటిన నా ఖద్దరు లాల్చీ చూసినవాళ్ళెవరూ నన్ను హేతువాది అనుకోరు.

కాసేపు అందరూ సముద్రం వైపు చూస్తూ నిలబడ్డారు. అది మామూలుగానే ఉంది. ఎవడో ఫోను చూసి, ఎక్కడో ఒక చిన్న అల వచ్చి పోయిందట అన్నాడు. వెంటనే కదలిక.

"వొచ్చీసి ఎల్లిపోనాదట. పదండ్రా, గేదెలకి నీళ్ళెట్టాల."

ఇదీ నేను భయపడింది. మొదటి అల పోయాక ఇంటికి దిగినవాళ్ళని రెండోది పట్టుకుంటుంది. నేను మెట్లకి అడ్డం నిలబడి చెప్పబోయాను. నా ఉపన్యాసం అప్పటికే ఒకసారి విన్నారు. మళ్ళీ వినే ఓపిక ఎవరికీ లేదు. పక్కకి తప్పుకోమన్నారు.

అత్త ఘటం పక్కనుంచి లేవకుండానే అంది: "అమ్మ దిగకుండా ఎవులు దిగుతారో దిగండి, సూస్తాను."

ఎవరూ దిగలేదు. గేదెలవాడు మాత్రం, "అమ్మ ఎప్పుడు దిగుతాదమ్మా?" అని అడిగాడు.

"డప్పువోడు సెప్పినప్పుడు."

అందరూ నా వైపు తిరిగారు. నేను ఫోను తీసి, సునామీ హెచ్చరికలు ఇచ్చే కేంద్రం ఏం చెబుతోందో చూశాను. హెచ్చరిక ఇంకా ఎత్తెయ్యలేదు. "ఇంకా లేదు" అన్నాను. వాళ్ళు కూర్చున్నారు. నా మాటకి ఆ ఊళ్ళో అంత విలువ అంతకు ముందు లేదు, ఆ తర్వాతా లేదు. మిక్చరు బండివాడు మెట్ల కింద నిలబడి అందరికీ పొట్లాలు కట్టాడు.

పొద్దువాలేవేళకి హెచ్చరిక ఎత్తేశారు. నేను డప్పు అందుకున్నాను. అమ్మవారు దిగింది.

*

దారిలోనే మొదలెట్టింది అత్త. "సూసినావా? అమ్మ మిట్టెక్కి సూసిందో నేదో, సముద్రం తోక ముడిసింది."

వచ్చిన సునామీకి కారణం చెప్పొచ్చు. రాని సునామీకి చెప్పడం చచ్చే చావు. అయినా చెప్పాను. ప్రతి భూకంపమూ సునామీ తేదని, పలక పైకి లేస్తేనే నీళ్ళు లేస్తాయని, పలకలు పక్కపక్కగా ఒరుసుకుంటే పెద్దగా లేవవని, ఈసారి అదే జరిగి ఉంటుందని, అయినా హెచ్చరిక వస్తే ప్రతిసారీ ఎక్కాల్సిందేనని.

"పక్కకి జరిగిందంతావు."

"అవునత్తా."

"పైకి లేవకుండా పక్కకి జరిపింది ఎవుడ్రా మరి?"

నేను డప్పు గట్టిగా వాయించాను. మైకు లాక్కోవడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

ఎవరో తీసిన వీడియో మా సంఘంలో అందరి ఫోన్లకీ చేరింది. విజయనగరంలో సమావేశం పెట్టి మరీ సంజాయిషీ అడిగారు. ఘటం ముందు డప్పు కొట్టడం సిద్ధాంత ద్రోహమా కాదా అని ఒక మిత్రుడు లేచాడు. ఆ దరువు మనదేనని, అదే దరువుతో అదే వీధిలో మనమంతా వెళ్ళినప్పుడు ఒక్క కిటికీ కూడా తెరుచుకోలేదని, ఈసారి మంచం మీది ముసలాయన కూడా కదిలాడని చెప్పాను. అలాగని మూఢనమ్మకాన్ని భుజాన మోస్తామా అన్నాడాయన. నేను భుజాన మోయలేదు, మోసింది మా అత్త నెత్తిన, అన్నాను. ఎవరో నవ్వారు. తీర్మానం వాయిదా పడింది. ఇంతకీ సన్మానం కండువా ఏదని అధ్యక్షులు అడిగితే, చాకలికి వేశానని చెప్పాను.

కండువా అత్త ఇవ్వలేదు. అమ్మోరి కింద పడ్డ గుడ్డ మళ్ళీ మనిషి కప్పుకోకూడదట.

తర్వాత వచ్చిన తుపానుకి, హెచ్చరిక వినగానే కళాజాత డప్పు సంచిలో వేసుకుని మా రాజాంలో బస్సెక్కాను. నిజం చెబుతున్నాను, అప్పటికి రోజూ సాధన చేస్తున్నాను. జాతర దరువు కూడా నేర్చుకున్నాను, డప్పువాళ్ళ దగ్గరే కూర్చుని. దారిలో చెట్టు పడి బస్సు ఆగింది. వానలో నడిచాను. ఊరు చేరేసరికి అత్త ఇంటికి తాళం వేసి ఉంది. మిట్ట వైపు పరుగెత్తాను.

షెల్టరు పై అంతస్తులో ఘటం ఉంది. ఘటం కింద నా కండువా ఉంది. పక్కన అత్త టీ తాగుతోంది. ఎదురింటావిడ ఒళ్ళో ఒక స్టీలు కంచం, గరిటె.

"డప్పు లేకుండా ఎలా వచ్చావత్తా?"

"కంచం కొట్టుకోనొచ్చీసినాం. నువ్వు గంగాళంలో సునామీ సేసినావే, ఆ కంచమే."

"డప్పు లేకపోతే గడప దాటకూడదన్నావు. అది ఏళ్ళ నాటి కట్టుబాటన్నావు."

"నువ్వొచ్చేదాకా గాలి ఆగుతాదేటిరా? అమ్మకి సప్పుడు గావాల, అంతే. మా అత్త డప్పన్నాది గానీ, ఆయమ్మ కాలంలో స్టీలు కంచాలు నేవు."

ఇన్నేళ్ళు వాదించి నేను కదపలేని కట్టుబాటుని, నాతో ఒక్క ముక్క సంప్రదించకుండా ఆవిడే మార్చేసింది. సంతోషించాల్సిన విషయమే. సంచిలోంచి డప్పు తీశాను. వానకి చర్మం మెత్తబడి, కొడితే తడిసిన గోనె కొట్టినట్టు పలికింది. ఎదురింటావిడ జాలిగా చూసి, గరిటె నాకివ్వబోయింది.

"ఆ మూల పెట్టు, ఆరుతాది" అంది అత్త. "టీ తాగు."

"మరి నా పనేమిటి ఇక్కడ?"

బయట గాలి సరుగుడు చెట్లని నేలకి వంచుతోంది. గేదెలవాడు అప్పటికే లుంగీ ఎగ్గట్టి మెట్ల వైపు చూస్తున్నాడు.

"అమ్మని దింపాల్సినోడివి నువ్వే గదా" అంది అత్త. "ఆ ఫోన్లో ఏటంతన్నారో సూసి సెప్పు. గట్టిగా సెప్పు, ఆడికి వినిపించాల."